దసరాకి కోల్‌కతా, సిరిమానుకి ఇల్లు: తక్కువ ఖర్చులో దుర్గా పూజ చూసి రావడం ఎలా

విజయనగరంలో పుట్టినవాళ్లకి దసరా పదో రోజుతో అయిపోదు. దసరా వెళ్లాక వచ్చే మొదటి మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను, అంటే పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే జాతర. ముందు రోజు సోమవారం రాత్రి దానికి తొలి వేడుక, తొలేళ్ళు. ఇంటినిండా చుట్టాలు. అందుకే నేను మొదటిసారి దసరాకి కోల్‌కతా పోతానన్నప్పుడు మా నానమ్మ దూరం గురించీ అడగలేదు, డబ్బు గురించీ అడగలేదు. "ఎల్తే ఎల్లు గానీ, అమ్మోరి పండక్కి ఉంతావా నేదా?" అంది. ఉన్నాను. ఇప్పటికి మూడుసార్లు వెళ్లొచ్చాను, మూడుసార్లూ సిరిమాను వేళకి మా ఊరి మూడు లాంతర్ల కూడలిలో నిలబడ్డాను, ఒక్కసారి కూడా ఖర్చు ఆరు వేలు దాటలేదు. ప్యాకేజీ టూర్ అక్కర్లేదు. హౌరా లైను మన ఊరి మీంచే పోతుంది కదా, దాన్ని వాడుకోవడం తెలిస్తే చాలు.

1. ముందు క్యాలెండర్ పట్టుకుని కూర్చోండి

రెండు పండగల మధ్య ఎన్ని రోజులున్నాయో ముందు చూసుకోవాలి. 2025లో దసరా అక్టోబరు 2, గురువారం, సిరిమాను 7న. మధ్యలో బోలెడు టైము. 2024లో దసరా 12, శనివారం, సిరిమాను 15న. అలాంటి ఏడాది దశమి రాత్రి ఎలాగోలా హౌరాలో బండెక్కేయాల్సిందే, ఒక్క రోజు అటూ ఇటూ అయినా తొలేళ్ళు పోయినట్టే.

ఇంకో సంగతి, అష్టమి, నవమి లెక్క మన పంచాంగానికీ వాళ్ల పంచాంగానికీ ఒక్కోసారి ఒక రోజు తేడా వస్తుంది. మన దసరా సెలవులు చూసి టికెట్లు తీసేయకండి. బెంగాల్లో షష్ఠి, సప్తమి, అష్టమి, నవమి, దశమి ఏయే తేదీల్లో పడ్డాయో చూసి అప్పుడు తీయండి. నా లెక్కలో షష్ఠి మధ్యాహ్నానికి దిగి దశమి రాత్రి గానీ మర్నాడు గానీ బయల్దేరడం సరిపోతుంది. పంచమికే వెళ్తే పందిళ్లు కాస్త ఖాళీగా చూడొచ్చు, కానీ ఒక రాత్రి రూము అద్దె అదనం.

2. టికెట్లు: వెళ్లేది దొరికిందని సంబరపడిపోకండి

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు, ఉదయం 8 గంటలకి తెరుచుకుంటుంది. వెళ్లే రోజుకీ వచ్చే రోజుకీ మధ్య నాలుగైదు రోజుల తేడా ఉంటుంది కాబట్టి తిరుగు టికెట్టు కూడా ఆ నాలుగైదు రోజుల తర్వాతే తెరుచుకుంటుంది. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. వెళ్లేది కన్ఫర్మ్ అయ్యిందని వాట్సాప్ స్టేటస్ పెట్టుకుని, వచ్చేది "తర్వాత చూద్దాంలే" అనుకుంటారు. ఫోన్లో రెండు అలారాలు పెట్టుకోండి, రెండో అలారం మొదటిదానికంటే ముఖ్యం.

ఎందుకంటే పూజకి ముందు చెన్నై, బెంగళూరు, హైదరాబాదుల్లో పనిచేసే బెంగాలీ కుర్రాళ్లంతా మన మీదుగానే ఇంటికెళ్తారు, పూజ అవగానే అంతమందీ వెనక్కి వస్తారు. పైగా పూజ సెలవులకి బెంగాలీ కుటుంబాలు పెద్దా చిన్నా అందరూ మంకీ క్యాపులు సర్దుకుని విశాఖ, అరకు బయల్దేరతారు. అంటే రెండు వైపులా బళ్లు నిండుగానే ఉంటాయి. తత్కాల్ మీద ఆశ పెట్టుకుంటే స్లీపర్‌కి ముందురోజు 11 గంటలకి తెరుస్తారు, ఐఆర్‌సీటీసీ అకౌంటుకి ఆధార్ ముందే లింకు చేసి ఉంచుకోండి. వెయిటింగ్ లిస్టు టికెట్టుతో స్లీపర్లోకి ఎక్కే రోజులు పోయాయి, దింపేస్తారు.

విజయనగరం నుంచి హౌరాకి సుమారు 820 కిలోమీటర్లు, స్లీపర్ టికెట్టు ఐదు వందలకి అటూ ఇటూ. హౌరా మెయిల్, ఫలక్‌నుమా, ఈస్ట్‌కోస్ట్ లాంటివి ఉన్నాయి. శ్రీకాకుళం వాళ్లయితే ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో ఎక్కొచ్చు. కొన్ని బళ్లు ఇప్పుడు హౌరా దాకా పోవు, షాలిమార్ దగ్గరే ఆగిపోతాయి. టికెట్టు మీద పేరు చూసుకుని తీయండి, షాలిమార్లో దిగితే అక్కణ్నుంచి బస్సు పట్టుకోవాలి.

అర్ధరాత్రి బళ్ల గురించి ఒక మాట. రాత్రి పన్నెండున్నరకి బండి అంటే టికెట్టు మీద ఉండేది మర్నాటి తేదీ. మా బావ పద్దెనిమిదో తేదీ టికెట్టుకి పద్దెనిమిదో తేదీ రాత్రి భోంచేసి, పులిహోర డబ్బా కట్టించుకుని, తాపీగా స్టేషనుకి వెళ్లాడు. బండి అంతకుముందు రాత్రే వెళ్లిపోయింది. ఆ పులిహోర మేమందరం ఇంట్లోనే తిన్నాం, ఇప్పటికీ ఆ మాట ఎత్తితే మనిషి లేచి వెళ్లిపోతాడు.

హౌరా దాకా ఎంతకీ దొరక్కపోతే ఖరగ్‌పూర్ దాకా చూడండి. అక్కణ్నుంచి హౌరాకి లోకల్ బళ్లు వరసగా ఉంటాయి, రెండున్నర గంటల పని, టికెట్టు చాలా తక్కువ. రైల్వే ఉద్యోగాలకని తరాల క్రితం మన ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడినవాళ్లు ఖరగ్‌పూర్లో చాలామంది, ప్లాట్‌ఫాం మీద అచ్చం మన యాస వినబడితే ఉలిక్కిపడకండి.

3. తుఫాను సంగతి మర్చిపోవద్దు

దసరా నెల అంటే మనకి తుఫాన్ల నెల కూడా. 2013లో ఫైలిన్ తీరం దాటింది అక్టోబరు 12న, సరిగ్గా పూజ రోజుల్లో. మరుసటి ఏడు అదే తేదీన హుద్‌హుద్. 2018లో తిత్లీ అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర కొట్టింది. ఇలాంటిది వస్తే హౌరా లైనే ఆగిపోతుంది. రైల్వేవాళ్లే బండి రద్దు చేస్తే డబ్బు మొత్తం వెనక్కొస్తుంది, దానికి టెన్షన్ వద్దు. కానీ కోల్‌కతాలో చిక్కుకుంటే రెండు రోజుల తిండికీ బసకీ సరిపడా, ఒక పదిహేను వందలు, వేరే జేబులో పెట్టుకోండి. ముట్టుకోవద్దు. వాన ఎలాగూ ఉంటుంది కాబట్టి గొడుగు, చెప్పులు తెచ్చుకోండి, బూట్లు వద్దు.

4. బస: నిద్రపోయేది పగలు, అది గుర్తుంచుకోండి

కోల్‌కతా పూజ రాత్రి పండగ. చీకటి పడ్డాక మొదలై తెల్లారేదాకా నడుస్తుంది. మనం మామూలు టూరిస్టుల్లాగా పొద్దున్నే లేచి, పగలంతా తిరిగి, రాత్రి తొమ్మిదికి పడుకుంటే చూసేది వెదురు కర్రలూ ట్రాఫిక్కూనే. కాబట్టి రూము అందంగా ఉండక్కర్లేదు. పగలు చీకటిగా, ఫ్యాను గట్టిగా తిరుగుతూ ఉంటే చాలు. మెట్రోకి నడిచే దూరంలో ఉండాలి, అదొక్కటే షరతు.

సదర్ స్ట్రీట్ వైపు విదేశీ కుర్రాళ్లు దిగే డార్మిటరీలు ఉన్నాయి, సియాల్దా చుట్టూ చిన్న లాడ్జీలు, బడాబజార్ వైపు ధర్మశాలలు. మామూలు రోజుల్లో ఐదు వందలకి దొరికే మంచం పూజ రోజుల్లో రెట్టింపు అడుగుతారు, అందుకే రైలు టికెట్టుతో పాటే రూమూ తీసేయండి. రెండోసారి వెళ్లినప్పుడు ఒక లాడ్జిలో, పేరెందుకులెండి, ఆన్‌లైన్లో డబ్బు కట్టేసి వెళ్తే కౌంటర్లో మనిషి "రూము లేదు, కావాలంటే ఇంకో వెయ్యి ఇస్తే చూస్తా" అన్నాడు. గంటసేపు గొడవపడి, ఆఖరికి మూడు వందలు ఎక్కువిచ్చి పడుకున్నాను. అప్పట్నుంచి బయల్దేరే రెండు రోజుల ముందు ఫోన్ చేసి, తేదీ, రేటు మెసేజ్‌లో పెట్టమంటాను. ఆ మెసేజ్ చూపిస్తే నోరెత్తరు. ఒరిజినల్ ఆధార్ తీసుకెళ్లండి.

దశమి నాడు రూము ఖాళీ చేసేస్తే సామాను హౌరా క్లోక్‌రూంలో పెట్టి తిరగొచ్చు, బ్యాగుకి తాళం ఉండాలి, రైలు టికెట్టు చూపించాలి. లేకపోతే తీసుకోరు.

5. తిరగడం

హౌరా స్టేషన్లో దిగగానే టాక్సీవాళ్లు చుట్టుముడతారు. తల వంచుకుని మెట్రో బోర్డు వెంట నడిచిపోండి. హౌరా నుంచి ఎస్‌ప్లనేడ్‌కి హుగ్లీ నది కిందనుంచి బండి పోతుంది, 2024 మార్చిలో తెరిచారు, పది రూపాయల్లో అవతలి ఒడ్డున ఉంటారు. నది కింద ఉండేది ముప్పావు నిమిషమే. 2025 ఆగస్టు నుంచి ఆ లైను సియాల్దా మీదుగా సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్ దాకా పూర్తయ్యింది. ఎస్‌ప్లనేడ్లో మారితే ఉత్తరం, దక్షిణం వెళ్లే పాత లైను, దేశంలో మొట్టమొదటి మెట్రో, 1984 నాటిది. పూజకి ముఖ్యమైన పందిళ్లన్నీ దాదాపు ఈ లైను పక్కనే. సప్తమి నుంచి నవమి దాకా మధ్యాహ్నం మొదలై తెల్లవారుజాము దాకా మెట్రో నడుపుతారు, ఆ ఏటి టైములు ముందే ప్రకటిస్తారు, ఫోటో తీసి ఉంచుకోండి.

సాయంత్రం ఆరు నుంచి రాత్రి పన్నెండు దాకా రోడ్డు మీద బస్సు, ఆటో అన్న మాట మర్చిపోండి. మెట్రో దిగడం, నడవడం, మళ్లీ మెట్రో. నేను ఒక రాత్రికి ఒక్క ప్రాంతమే పెట్టుకుంటాను. ఉత్తరం ఒక రాత్రి, దక్షిణం ఒక రాత్రి, మూడో రాత్రి మిగిలినవి. ఒకే రాత్రి రెండు వైపులా చూసేద్దామని వెళ్లినవాళ్లు సగం రాత్రి మెట్రో క్యూలోనే గడుపుతారు.

ఉత్తరం రాత్రి ఇలా వెళ్లండి. శోభాబజార్ సుతానుటి స్టేషన్లో దిగి ముందు శోభాబజార్ రాజబాడీకి. ఇది పందిరి కాదు, జమీందారు ఇల్లు, స్తంభాల మండపంలో అమ్మవారు. రాజా నబకృష్ణ దేవ్ ఈ పూజ మొదలుపెట్టింది 1757లో, ప్లాసీ యుద్ధం జరిగిన ఏడు. మనవాళ్లకి ఆ సంవత్సరం చెప్పక్కర్లేదు కదా, అదే ఏడు జనవరిలో బొబ్బిలి యుద్ధం. పైడితల్లమ్మ కథ మొదలయ్యేదీ అక్కడే. ఆ మండపం మెట్ల మీద కూర్చుని ఈ లెక్క వేసుకున్నప్పుడు నాకు ఒళ్లు కొంచెం జలదరించింది, మీకు జరగకపోవచ్చు.

అక్కణ్నుంచి కుమార్‌టులి పార్క్ పందిరి, తర్వాత నడుచుకుంటూ బాగ్‌బజార్. ఇక్కడ కొత్త డిజైన్లేమీ ఉండవు. అమ్మవారూ, లక్ష్మీ, సరస్వతీ, గణపతీ, కార్తికేయుడూ అందరూ ఒకే వెనకతట్టు కింద, పెద్ద పెద్ద కళ్లతో, మెరిసే తెల్లటి అలంకారంతో. వందేళ్లు దాటిన పూజ. ఇది చూశాక శ్యామ్‌బజార్ మెట్రోకి నడిచేయొచ్చు. దక్షిణం రాత్రి కాలీఘాట్ స్టేషన్లో దిగి దేశప్రియ పార్క్, త్రిధార, అలా గడియాహాట్ దాటి ఏక్‌డాలియా, సింఘీ పార్క్. ఇక్కడ థీమ్ పందిళ్లు ఎక్కువ, లైటింగ్ ఎక్కువ, జనం ఇంకా ఎక్కువ. కాళ్లు నొప్పెడితే మ్యాడాక్స్ స్క్వేర్ మైదానంలో కూర్చోండి, అక్కడ అందరూ అందుకే వస్తారు, కబుర్లకి. మూడో రాత్రికి మధ్యలో ఉన్న కాలేజ్ స్క్వేర్, మహమ్మద్ అలీ పార్క్, సంతోష్ మిత్రా స్క్వేర్.

6. గుంపు

సిరిమాను చూసినవాళ్లకి గుంపు కొత్త కాదు, కానీ ఇక్కడ పద్ధతి తిరగేసి ఉంటుంది. సిరిమాను రోజు మనం నిలబడతాం, అమ్మవారు కదులుతుంది. కోల్‌కతాలో అమ్మవారు కూర్చుని ఉంటుంది, మనం కదులుతూనే ఉండాలి. పందిట్లో ఆగితే వాలంటీర్లు ఊరుకోరు. వెదురు కంచెల మధ్య ఒకవైపే నడక, వెనక్కి తిరగడం కుదరదు. అందుకే లోపలికి వెళ్లేముందే కలుసుకునే చోటు అనుకోండి, ఫోన్ సిగ్నల్ మీద భరోసా పెట్టుకోవద్దు. పిల్లల జేబులో పేరు, ఫోన్ నంబరు రాసిన కాగితం. ఎక్కడైనా తోపులాట మొదలైనట్టు అనిపిస్తే ఆ పందిరి వదిలేయండి, ఊళ్లో వేలల్లో ఉన్నాయి. 2015లో దేశప్రియ పార్కులో 88 అడుగుల దుర్గ అని ప్రచారం చేస్తే పంచమి నాడే జనం విరుచుకుపడి, చివరికి పోలీసులు దర్శనమే ఆపేశారు.

పేరున్న పందిరి ఏదైనా తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడు మధ్య చూడండి. రాత్రి గంటన్నర క్యూ పట్టినచోట పది నిమిషాల్లో లోపలుంటారు.

7. పందిళ్లు కాక చూడాల్సినవి

నిజానికి ఇవే అసలు పూజ, పైసా ఖర్చు లేనివి కూడా.

సప్తమి తెల్లవారుజామున ఏదో ఒక ఘాట్‌కి వెళ్లండి, బాగ్‌బజార్ గానీ బాబూఘాట్ గానీ. డాక్ అనే పెద్ద డోలు వాయిస్తూ చిన్న చిన్న గుంపులు వస్తాయి, ముందు పురోహితుడి భుజం మీద ఒక అరటి పిలక. దాన్నీ ఇంకో ఎనిమిది రకాల మొక్కల కొమ్మల్నీ కలిపి కట్టి, నదిలో స్నానం చేయించి, ఎర్రంచు తెల్లచీర కడతారు. చీర కట్టేసరికి అరటాకు వంగి అచ్చం తలదించుకున్న కొత్తకోడలిలా ఉంటుంది. కొలాబొవ్ అంటారు, అరటి కోడలు. తీసుకెళ్లి గణపతి పక్కన నిలబెడతారు కాబట్టి చాలామంది గణపతి పెళ్లాం అనుకుంటారు. కాదు, ఆమె దుర్గే. పొలాల పండగ ఎలా మొదలైందో ఆ ఒక్క అరటి పిలకలో కనబడుతుంది.

అష్టమి పొద్దున పుష్పాంజలి. పెద్ద పందిళ్లకి పోకండి, మీ లాడ్జి సందులో ఉండే చిన్న పందిరికి స్నానం చేసి, ఏమీ తినకుండా వెళ్లి నిలబడండి. ఎవరని అడగరు, చేతిలో పూలు పెడతారు. పంతులుగారు చెప్పే మంత్రం మనకి తెలిసిందే, కానీ "యా దేవీ సర్వభూతేషు" అక్కడ "జా దేబీ షర్బొభూతేషు" అవుతుంది. మొదటిసారి నవ్వు ఆపుకోలేకపోయాను, పక్కన ముసలావిడ ఒక చూపు చూసింది. ఆ తర్వాత భోగ్ పెడితే తీసుకోండి. కిచిడీ, కలగూర, టమాటా చట్నీ, పాయసం. చట్నీ తియ్యగా ఉంటుంది, అది వాళ్ల పద్ధతి, ముందే మనసు సిద్ధం చేసుకోండి.

అష్టమి చివరి 24 నిమిషాలు, నవమి మొదటి 24 నిమిషాలు కలిపి సంధిపూజ. 108 దీపాలు, 108 తామరపూలు. ముహూర్తం ఏ అర్ధరాత్రో పడొచ్చు, మిట్టమధ్యాహ్నమూ పడొచ్చు. రాజబాడీ లాంటి పాత ఇళ్లలో చూస్తే బావుంటుంది.

కుమార్‌టులి పగలు చూడండి, శిల్పుల వీధి. షష్ఠి నాటికి దుర్గలందరూ వెళ్లిపోయుంటారు, కానీ పౌర్ణమికి లక్ష్మీపూజ, దీపావళికి కాళీపూజ వస్తాయి కాబట్టి సందునిండా రంగులేయని లక్ష్ములు, తలలు అతకని కాళికలు. వెదురు, ఎండుగడ్డి, దానిమీద నది మట్టి. ఫోటో తీసేముందు అడగండి, పనిలో ఉన్నవాళ్లకి అడ్డం నిలబడకండి.

దశమి మధ్యాహ్నం ఆడవాళ్లు అమ్మవారికి సిందూరం పెట్టి, ఒకరికొకరు పూసుకుంటారు, సాయంత్రం నుంచి ఘాట్లలో నిమజ్జనం. "ఆష్చే బొఛొర్ ఆబార్ హొబే" అని అరుస్తారు, వచ్చే ఏడు మళ్లీ అని. యునెస్కో 2021లో ఈ పూజని తన జాబితాలో చేర్చింది, దాని కోసం చూసేవాళ్లు చూస్తారు, నాకు మాత్రం ఆ సాయంత్రం ఘాట్ మెట్ల మీద వాయిద్యం దించి బీడీ వెలిగించుకునే డాకీలే గుర్తుంటారు. పల్లెల నుంచి వచ్చి, ఇంట్లో పండగ వదిలేసి ఐదు రోజులు వాయించినవాళ్లు.

8. తిండి, డబ్బు

రోజుకి మూడు వందలు చాలు. పొద్దున కచోరీ, కూర. మధ్యాహ్నం భోగ్ దొరికితే భోగ్, లేకపోతే అన్నం, చేపల పులుసు. ఆవనూనె వాసన మొదటి పూట ఇబ్బంది పెడుతుంది, రెండో పూటకి అలవాటవుతుంది. అలవాటు కాకపోతే లేక్ మార్కెట్ దగ్గర దక్షిణాది హోటళ్లున్నాయి, ఇడ్లీ, సాంబారు దొరుకుతాయి. రాత్రి నడకలో ఎగ్ రోల్, ఫుచ్కా. ఫుచ్కా మన పానీపూరీ కాదు, ఉడికిన బంగాళాదుంపని చింతపండు, మసాలాతో చేత్తో మెదిపి పెడతాడు. ఆకు దొన్నెలో ఒక్కోటే వేస్తాడు. అన్నీ అయ్యాక దొన్నె చాపి "ఫావు" అనండి, ఒకటి ఊరికే ఇస్తాడు. అది కొసరు, అడగడం మీ హక్కు.

నాకు కిందటిసారి అయిన లెక్క: రైలు రానూపోనూ సుమారు వెయ్యి, డార్మిటరీలో నాలుగు రాత్రులు రెండు వేల ఆరు వందలు, తిండి పదమూడు వందలు, మెట్రో, లాంచీ కలిపి రెండు వందల చిల్లర, మిఠాయిలు నాలుగు వందలు.

మిఠాయిలంటే గుర్తొచ్చింది, మట్టికుండలో మిష్టి దొయి రైల్లో తేకండి. భువనేశ్వర్ దాటేసరికి నా బ్యాగులో బట్టలన్నీ తిన్నాయి దాన్ని. డబ్బాలో సీలు చేసిన రసగుల్లా తెచ్చుకోండి. మంగళవారం పొద్దున దిగేలా మాత్రం పెట్టుకోవద్దు. ఆ రోజు ఊళ్లోకి వాహనాలు రానివ్వరు, స్టేషన్ నుంచి బ్యాగు నెత్తిన పెట్టుకుని నడవాలి. సోమవారం మధ్యాహ్నానికి దిగితే ఇంటికెళ్లి, స్నానం చేసి, ఒక కునుకు తీసి, రాత్రి తొలేళ్ళకి వెళ్లొచ్చు.